ప్రకాశం బ్యారేజీ బొమ్మలో గేటు ఒక్కటే లేవాలి, బ్యారేజీ మొత్తం లేచిపోతోంది

కృష్ణలంక సోషల్ టీచర్:

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో హైస్కూల్లో సోషల్ చెబుతాను. కంప్యూటర్ నాకు వచ్చీరాని విద్య. మార్కుల జాబితా ఎక్సెల్‌లో వేస్తాను, పవర్‌పాయింట్‌లో నాలుగు స్లైడ్లు చేస్తాను, అంతవరకే. ప్రశ్న మరీ చిన్నదైతే నవ్వండి, పర్లేదు, జవాబు చెప్పి నవ్వండి.

వచ్చే వారం తొమ్మిదో తరగతికి కృష్ణా డెల్టా గురించి చెప్పాలి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, దాని బదులు 1957లో వచ్చిన బ్యారేజీ, 70 గేట్లు, అటూ ఇటూ కాలవలు, ఇవన్నీ నోటితో చెప్పేయొచ్చు. మా పిల్లల్లో చాలామంది ఆ బ్యారేజీ మీదుగా తాడేపల్లి వెళ్లొచ్చేవాళ్లే. కానీ గేటు ఎలా లేస్తుంది, పైన వేలాడే ఆ పెద్ద దిమ్మ ఎందుకు అంటే ఒక్కరూ నోరు విప్పరు. నిజం చెప్పాలంటే 2024 సెప్టెంబరు వరద దాకా నాకూ తెలియదు. 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో పడవలు కొట్టుకొచ్చి కౌంటర్ వెయిట్లకు తగిలాయని పేపర్లో చదివాకే, అవి గేటుకు తూకంగా కట్టిన బరువులని, గేటు పైకి పోతుంటే అవి కిందికి దిగుతాయని అర్థమైంది. నేను పిల్లలకు చూపించాలనుకుంటున్నది ఆ ఒక్క కదలికే.

మా ల్యాబ్ బీరువాలో పాత క్లిప్ ఆర్ట్ సీడీ ఒకటి దొరికింది. అందులో డ్యామ్ బొమ్మ ఉంది. ఐదు గేట్లు, మధ్యలో పిల్లర్లు, పైన రోడ్డు, అచ్చం కాకపోయినా మన బ్యారేజీకి దూరపు చుట్టంలా ఉంది. ఎవరో చలిదేశం వాళ్లు గీసినట్టున్నారు, రెండు ఒడ్డుల మీదా క్రిస్మస్ చెట్లు, వెనక మంచు కొండ. దుర్గమ్మ కొండ మీద మంచేంటి టీచర్ అని మా వాళ్లు గోల చేస్తారు.

దానికి యానిమేషన్ పెట్టాను. గేటు, రోడ్డు, చెట్లు, కొండ అన్నీ కలిసి స్లైడ్ పైకి ఎగిరిపోయాయి. పక్కన కాఫీ తాగుతున్న మా ఆయన "ఇది వరద కాదు, ప్రళయం" అన్నారు. తర్వాత గేటు దగ్గర క్రాప్ చేశాను, గేటుతో పాటు పిల్లర్ ముక్క కూడా వచ్చింది. అన్‌గ్రూప్ చేయమని, అంటే ముక్కలు విడదీయమని, ఒక కొలీగ్ చెప్పారు. నొక్కితే ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వచ్చింది, ఇది ఇంపోర్ట్ చేసిన పిక్చర్, గ్రూపు కాదు, మార్చమంటారా అన్నట్టు. బడి ల్యాప్‌టాప్, ఏదైనా పోతే నా మెడకు చుట్టుకుంటుందని "నో" నొక్కాను. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నో.

ఇది కాదనుకుని నెట్‌లో ఇంకో డ్యామ్ బొమ్మ, జేపీజీ, దించుకున్నాను. దానికి అన్‌గ్రూప్ అసలు నొక్కుడే పడటం లేదు, బూడిదరంగులో ఉండిపోతోంది.

పవర్‌పాయింట్ 2016. సీడీ బొమ్మ పేరు చివర డబ్ల్యూఎంఎఫ్ అని ఉంది. శనివారం లోపు దారి చూపించండి.

పటమట కుర్రాడు:

మేడమ్, ఎందుకంత టెన్షన్? బ్యారేజీ గేట్లు ఎత్తే డ్రోన్ వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. ఒకటి ప్లే చేయండి, క్లాసు అయిపోతుంది.

కృష్ణలంక సోషల్ టీచర్:

పోయినసారి అదే చేశాను బాబూ. నీళ్లు చూసి "అబ్బో" అన్నారు. గేటు ఒక్కడూ చూడలేదు.

గవర్నర్‌పేట డీటీపీ:

టీచర్ గారూ, ఆ మెసేజ్‌కి "యస్" కొట్టండి. మీ బాధలో ముప్పాతిక అక్కడే తీరుతుంది.

నేను గవర్నర్‌పేటలో పెళ్లికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. ఆ బాక్స్ చూసి బెదిరి నో కొట్టినవాళ్లను చాలామందిని చూశాను, మొదట్లో నేనూ కొట్టాను. అది మిమ్మల్ని తిట్టడం లేదు. బయటినుంచి తెచ్చిన బొమ్మ కదా, దీన్ని ఆఫీస్ డ్రాయింగ్‌గా మార్చేయనా అని అనుమతి అడుగుతోంది. మారేది స్లైడ్ మీదున్న కాపీ మాత్రమే, సీడీలో ఫైలు చెక్కు చెదరదు. అయినా మీ ధైర్యానికి ముందు ఆ స్లైడ్‌నే ఒకటి డూప్లికేట్ చేసి పక్కన పెట్టుకోండి.

మీ రెండు బొమ్మల తేడా ఇది. పెళ్లి మండపానికి థర్మాకోల్ డెకరేషన్ చేస్తారుగా, పువ్వు విడిగా, ఆకు విడిగా కోసి ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. డబ్ల్యూఎంఎఫ్ అలాంటిది. నీలం ముక్క ఇక్కడ, దాని మీద బూడిదరంగు ముక్క ఇక్కడ అని లోపల రాసి ఉంటుంది. అతుకు విప్పితే ముక్కలు చేతికొస్తాయి. జేపీజీ గోడ మీద వేసిన రంగు. గోకితే సున్నం రాలుతుంది గానీ పువ్వు ఊడి రాదు. అందుకే అక్కడ అన్‌గ్రూప్ వెలగలేదు. ఆ జేపీజీని మర్చిపోండి.

ఇప్పుడు డబ్ల్యూఎంఎఫ్ బొమ్మ మీద క్లిక్ చేసి కంట్రోల్, షిఫ్ట్, జీ కలిపి నొక్కండి. మెసేజ్ వస్తుంది, యస్. చూడటానికి ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే "రాలేదు" అని వదిలేస్తారు. రాకేం, వచ్చింది. ఇప్పటిదాకా పిక్చర్, ఇప్పుడు గ్రూపు అయింది. అవే మూడు కీలు ఇంకోసారి నొక్కండి. అప్పుడు బొమ్మ నిండా చిన్న చిన్న గుండ్రాలు పొక్కుల్లా లేస్తాయి. ముక్కలు విడిపోయినట్టు లెక్క.

ఇక్కడ కంగారుపడి ఎక్కడా లాగకండి. ముందు బయట ఖాళీ జాగాలో ఒక క్లిక్ ఇచ్చి సెలెక్షన్ వదిలించండి. తర్వాత ఆల్ట్, ఎఫ్10 నొక్కితే కుడిపక్క సెలెక్షన్ పేన్ తెరుచుకుంటుంది. ముక్కలన్నిటి పేర్లూ అక్కడ వరసగా ఉంటాయి, ఫ్రీఫామ్ 12, ఫ్రీఫామ్ 13 అని. పక్కనున్న కన్ను బొమ్మ నొక్కితే ఆ ముక్క మాయమవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఏ ముక్క ఏదో ఇలా కనిపెట్టండి. చాలా బొమ్మల్లో అన్నిటికన్నా కింద రంగు లేని ఖాళీ పెట్టె ఒకటి ఉంటుంది, మొత్తం బొమ్మంత సైజులో. దానితో మనకు పని లేదు, డిలీట్.

క్రిస్మస్ చెట్లు ఎలాగూ డిలీటే. మంచు తెల్లటి ముక్క విడిగానే ఉంటుంది, అదీ తీసేస్తే కింద కొండ మిగులుతుంది. దానికి ఫార్మాట్‌లో షేప్ ఫిల్ ఇచ్చి ఆకుపచ్చ, గోధుమ రంగు మధ్యలో ఏదైనా వేయండి. వెనక ఆకాశం ఉంటే నాది ఒక సలహా, దాన్ని బెజవాడ ఎండకు తగ్గట్టు కాస్త పాలిపోనివ్వండి. అంత నీలం మనకు ఏడాదిలో నాలుగు రోజులు ఉంటే గొప్ప.

గేటు ఒక్క ముక్కగా ఉండదు. పలక, దాని మీద అడ్డపట్టీలు, నీడ, అన్నీ వేరు. షిఫ్ట్ పట్టుకుని ఒక్కోటీ క్లిక్ చేసి, కంట్రోల్ జీ కొట్టి ఒక గ్రూపు చేయండి. పేన్‌లో ఆ గ్రూపు పేరు మీద డబుల్ క్లిక్ చేసి "గేటు 3" అని మార్చుకోండి. సోమరితనంతో పేర్లు పెట్టకపోతే యానిమేషన్ దగ్గర ఏడుస్తారు, నా మాట వినండి. యానిమేషన్ కూడా ఈ గ్రూపింగ్ అంతా అయ్యాకే. ముందు పెట్టి తర్వాత అన్‌గ్రూప్ చేశారంటే పెట్టిందంతా పోతుంది.

ఇంకోటి. ఇప్పుడు ఇన్‌సర్ట్‌లో క్లిప్ ఆర్ట్ అని వెతకకండి. 2014 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ లైబ్రరీ మూసేసి అందర్నీ బింగ్ వైపు పంపింది. మీ బీరువాలో సీడీ జాగ్రత్తగా ఉంచుకోండి, అలాంటివి నా దగ్గర నాలుగున్నాయి, అడిగినా ఎవరికీ ఇవ్వను.

కృష్ణలంక సోషల్ టీచర్:

యస్ కొట్టానండీ! రెండోసారి నొక్కగానే పొక్కులు లేచాయి. మొత్తం 143 ముక్కలు, కూర్చుని లెక్కపెట్టాను. మంచు తెల్లముక్క తీసేయగానే ఆ కొండ నిజంగా ఇంద్రకీలాద్రిలా అయింది. మా ఆయన కాఫీ పక్కన పెట్టి మరీ చూశారు.

కానీ గేటును పైకి జరిపి చూస్తే దాని వెనక తెల్లటి కిటికీ. స్లైడ్ బ్యాక్‌గ్రౌండ్ కనిపిస్తోంది. నీళ్లు ఏమయ్యాయి? నేనేమైనా డిలీట్ చేశానా? ఒక గంట వెతికాను.

ఇంకో ప్రశ్న. ఉన్న గేట్లు ఐదు. మొత్తం 70 పెట్టొచ్చా?

గవర్నర్‌పేట డీటీపీ:

మీరేం డిలీట్ చేయలేదు. అసలు లేవు. గేటు మూసి ఉన్న బొమ్మ గీసినవాడు గేటు వెనక ఏముందో ఎందుకు గీస్తాడు? కనబడని చోట రంగు వేయడం మా వృత్తిలో ఎవరూ చేయరు, కూలి గిట్టదు. మీరే వేసుకోవాలి. ఇన్‌సర్ట్, షేప్స్‌లో దీర్ఘచతురస్రం తీసుకుని కిటికీ కన్నా అన్ని వైపులా కాస్త ఎక్కువ వచ్చేలా గీసి, అవుట్‌లైన్ తీసేసి, నీళ్ల రంగు ఇవ్వండి. రంగు సరిగ్గా కలవాలంటే షేప్ ఫిల్‌లో ఐడ్రాపర్ ఉంది, దానితో నది ముక్క మీద నొక్కండి. తర్వాత సెలెక్షన్ పేన్‌లో ఈ పెట్టెను పట్టుకుని గేటుకూ పిల్లర్లకూ కిందికి లాగేయండి. పేన్‌లో పైనున్నది ముందుంటుంది, కిందున్నది వెనకుంటుంది. గేటు పిల్లర్ గాడిలో జారుతుంది కాబట్టి వరస ఇలా ఉండాలి: అన్నిటికన్నా పైన పిల్లర్లు, తర్వాత గేటు, దాని కింద నీళ్లు.

70 వద్దు టీచర్ గారూ. గేటుకు ఎనిమిది ముక్కలనుకున్నా 560 ముక్కలవుతాయి, మీ బడి ల్యాప్‌టాప్ మూలుగుతుంది. ఏడు పెట్టి, ఒక్కో గేటు పదింటికి లెక్క అని చెప్పండి. ఐదు ఉన్నాయి, ఇంకో రెండే కదా. గేటు, పక్కనున్న పిల్లర్ కలిపి సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొట్టండి. వచ్చిన కాపీని మౌస్‌తో సరైన చోట పెట్టి, సెలెక్షన్ వదలకుండా మళ్లీ కంట్రోల్ డి కొడితే రెండో కాపీ అంతే దూరంలో దానంతటదే వచ్చి కూర్చుంటుంది. రోడ్డును ఆ మేరకు అడ్డంగా సాగదీయండి.

బ్రాడీపేట వాసి, గుంటూరు:

ఆలస్యంగా చూశాను. నేను కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్‌ని, కొన్నాళ్లుగా లిబ్రే ఆఫీస్ మీదే పని. పవర్‌పాయింట్ లేనివాళ్ల కోసం: లిబ్రే ఆఫీస్‌లో స్లైడ్లు చేసే ఇంప్రెస్‌లో కూడా డబ్ల్యూఎంఎఫ్, అలాగే ముక్కలుగా విడిపోయే ఎస్‌వీజీ బొమ్మల మీద రైట్ క్లిక్ చేస్తే బ్రేక్ అని వస్తుంది. హెచ్చరికలూ గట్రా ఏమీ ఉండవు, నేరుగా విడిపోతుంది. కొత్త బొమ్మలు ఎక్కువగా ఎస్‌వీజీలోనే దొరుకుతున్నాయి. పవర్‌పాయింట్ 2019 గానీ 365 గానీ ఉంటే దానికి గ్రాఫిక్స్ ఫార్మాట్‌లో కన్వర్ట్ టు షేప్ ఉంటుంది. ఇక జేపీజీ తప్ప గతి లేదంటే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాం ఉచితం, అందులో ట్రేస్ బిట్‌మ్యాప్‌తో ముక్కలుగా మార్చొచ్చు. నలుపు తెలుపు గీతబొమ్మ అయితే చక్కగా వస్తుంది. బ్యారేజీ ఫొటో పెట్టారో, మిరప యార్డులో టిక్కీ, అదే మిరపకాయల బస్తా, చిరిగినట్టే, ఏరుకోలేరు.

అసలు సంగతి యానిమేషన్ కదా. ఫ్లై అవుట్ లాంటివి పెట్టకండి, గేటు స్లైడ్ దాటిపోయేదాకా ఆగదు. మోషన్ పాత్స్‌లో లైన్స్ తీసుకోండి. గేటుకు దిశ అప్, కౌంటర్ వెయిట్‌కు డౌన్. ఎర్రటి కొస పట్టుకుని లాగితే ఎంత దూరం కదలాలో మీ ఇష్టం. షిఫ్ట్ పట్టుకుని లాగండి, లేకపోతే గేటు పక్కకు ఒరుగుతూ లేస్తుంది. రెండో దానికి స్టార్ట్ దగ్గర విత్ ప్రీవియస్ పెట్టి, రెండిటికీ డ్యూరేషన్ ఒకటే, మూడు సెకన్లు, ఇవ్వండి. తూకం కాబట్టి గేటు ఎంత లేస్తే బరువు అంతే దిగినట్టు చూపించండి, రెండు గీతలూ సమానంగా ఉండాలి. ఇది తప్పితే మీరు చెప్పే పాఠమే తప్పుతుంది.

కృష్ణలంక సోషల్ టీచర్:

ఇద్దరికీ చేతులెత్తి దండం. శుక్రవారం రాత్రి పదకొండింటికి గేటు లేచింది, దిమ్మ దిగింది. నేనే పదిసార్లు లేపి దించుకున్నాను.

మిగిలింది రెండు చిన్న తలనొప్పులు. కొండకు ఎడమవైపు ఒక మూపురం మరీ పొడుచుకొచ్చినట్టుంది, దాన్ని తగ్గిద్దామని రైట్ క్లిక్ చేసి ఎడిట్ పాయింట్స్ తీస్తే చీమల బారులా నల్ల చుక్కలు. ఒకటి లాగితే కొండకు కొమ్ము మొలిచింది. రెండోది, పేర్లు "గేటు", "కౌంటర్ వెయిట్" అని మా వీధిలో ఫ్లెక్సీ షాపు అబ్బాయి అందమైన అక్షరాల్లో టైపు చేసి ఫైలు ఇచ్చాడు. నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు లేదు, ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి.

గవర్నర్‌పేట డీటీపీ:

ఆ చీమల బారు మీ తప్పు కాదు. డబ్ల్యూఎంఎఫ్ పాతకాలపు ఫార్మాట్, గుండ్రం, చాపం లాంటివి తప్ప ఎటైనా వంగే గీత దానికి తెలియదు. తర్వాత వచ్చిన ఈఎంఎఫ్‌కు తెలుసు. అందుకని డబ్ల్యూఎంఎఫ్ వంపంతటినీ చిన్న చిన్న తిన్నని గీతలుగా ముక్కలు చేసి పెడుతుంది, ఒక్కో గీత కొసనా ఒక చుక్క. మీకు కావలసిన మూపురం దగ్గర మొదటి చుక్క, చివరి చుక్క, నడిమధ్య చుక్క ఉంచి, తతిమ్మావి కంట్రోల్ పట్టుకుని ఒక్కోదాని మీద క్లిక్ చేస్తే ఎగిరిపోతాయి. మధ్య చుక్క మీద రైట్ క్లిక్ చేసి స్మూత్ పాయింట్ అనండి. రెండు పక్కలా తెల్లటి పిడులు వస్తాయి, వాటిని పట్టి తిప్పితే కొండ మైనంలా వంగుతుంది. తప్పితే కంట్రోల్ జెడ్ ఉండనే ఉంది.

అక్షరాల సంగతి, అది అను ఫాంటు అయి ఉంటుంది. మా షాపులన్నీ దాని మీదే బతికాయి. అది అన్ని మెషీన్లకూ తెలిసిన యూనికోడ్ పద్ధతిది కాదు, ఆ ఫాంటు లేని మెషీన్‌లో మీరు చెప్పిన గజిబిజే కనబడుతుంది. ఆ అబ్బాయిని కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి, ఈఎంఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇమ్మనండి. అప్పుడు అవి అక్షరాలు కావు, బొమ్మలు, ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. కాకపోతే తర్వాత తప్పు దిద్దడానికి వీలుండదు, "కౌంటర్" కు ఔత్వం సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి. అంత శ్రమ ఎందుకంటే మండలి గానీ ఎన్టీఆర్ గానీ యూనికోడ్ ఫాంటు వేసుకుని మీరే టైపు చేయండి. పెళ్లికార్డు కాదుగా.

అంతా అయ్యాక బొమ్మ మొత్తం గ్రూపు చేసిన కాపీ ఒకటి రైట్ క్లిక్, సేవ్ యాజ్ పిక్చర్‌లో ఈఎంఎఫ్‌గా దాచుకోండి. వచ్చే ఏడాది మళ్లీ చెట్లు నరకక్కర్లేదు.

కృష్ణలంక సోషల్ టీచర్:

పాఠం అయిందండీ. మండలి ఫాంటు వేశాను, కొండ కొమ్ము తీసేశాను. గేటు లేచినప్పుడు ఎవరూ "అబ్బో" అనలేదు, కానీ దిమ్మ దిగుతుంటే వెనక బెంచీలో ఇద్దరు "బావిలో గిలక లాగా" అనుకోవడం వినపడింది. నాకు అది చాలు.

అయితే బ్యారేజీ అవతల ఒడ్డు నుంచి వచ్చే పిల్ల ఒకతి చెయ్యెత్తి "టీచర్, నీళ్లు గేటు కింద నుంచి కదా దూకుతాయి, మీ బొమ్మలో గేటు పైనుంచి పడుతున్నాయేంటి" అంది. చూద్దును కదా, అందం కోసం ఆఖరి నిమిషంలో నేను అదనంగా పెట్టిన తెల్లటి నురగ ముక్క గేటుకు ముందుంది. పేన్‌లో దాన్ని గేటు కిందికి లాగి మళ్లీ ప్లే చేశాను. గేటు లేచిన మేరకే నురగ కనబడింది. ఆ పిల్ల తల ఊపి కూర్చుంది. రేపు బి సెక్షన్‌కు ఇదే స్లైడ్.